ఎర్ర ఇటుకల ఇంట్లో అనసూయక్క

మా అపార్ట్‌మెంట్‌కు ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో మొన్న ఎవరో ఇల్లు మొదలుపెట్టారు. ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కడ చూసినా బూడిదరంగు సిమెంటు ఇటుకలే. వీళ్ళు మాత్రం ఎందుకో ఎర్ర ఇటుకలు తెప్పించారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి చూస్తుంటే, మేస్త్రీ ఆ ఇటుకల దొంతర మీద పైపుతో నీళ్ళు కొడుతున్నాడు. కాలిన మట్టి నీళ్ళు పీల్చుకునేటప్పుడు సుయ్‌మని సన్నని చప్పుడు వస్తుంది. ఆ వెంటనే ఒక వాసన లేస్తుంది. తొలకరి వాసన కాదది. దానికంటే ఘాటుగా, కొంచెం పొగ కలిసినట్టు ఉంటుంది. అది ముక్కుకు తగలగానే నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అనసూయక్క గుర్తుకొస్తే నాకు ముందు కలిగేది ప్రేమ కాదు, ఉలికిపాటు. ప్రేమ ఆ తర్వాత వస్తుంది.

ఆమె ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీల ప్రహరీలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యే చోట ఉండేది. నేను వెళ్ళేనాటికే అది పాతది. ఆమె మామగారు రాజయ్య ఇటుక బట్టీలో పనిచేసేవాడట. బట్టీలో మంటకు మరీ దగ్గరగా ఉన్న ఇటుకలు ఎక్కువ కాలి, నల్లబడి, వంకర్లు తిరుగుతాయి. వాటిని ఎవరూ కొనరు. అలాంటివి అడిగి తెచ్చుకుని, పని లేని రోజుల్లో భార్యతో కలిసి ఆయన స్వయంగా గోడలు లేపాడు. పైన ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. ఎరుపులో నలుపు, నలుపులో ఊదా కలిసిన ఆ గోడలను చూసి వీధిలో అందరూ దాన్ని ఎర్రిల్లు అనేవారు. రాజయ్య కొడుకు మల్లేశం, అంటే అనసూయక్క భర్త, రైల్వేలో ఉద్యోగం దొరికాక వెనకవైపు ఇంకో రెండు గదులు వేశాడు. వాళ్ళకు పిల్లలు కలగలేదు. చుట్టూ కంపెనీలు పెరిగేకొద్దీ ఆ గదుల్లోకి మనుషులు వస్తూ పోతూ ఉండేవారు. బట్టలు కుట్టే దంపతులు, మందుల కంపెనీలో మూటలు మోసే అన్నదమ్ములు, ఒక నర్సు. ఆ నర్సు పెళ్ళి ఇంటి ముందే పందిరి వేసి చేశామని అనసూయక్క గొప్పగా చెప్పేది. కిరాయికున్న వాళ్ళందరి పేర్లూ ఆమెకు గుర్తే. ఎవరికి ఏ కూర ఇష్టమో కూడా గుర్తే.

నేను గుంటూరు వైపు నుంచి కెమిస్ట్రీ చదువు పూర్తిచేసి, ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికి నాచారం వచ్చాను. బస్సు దిగి గది కోసం తిరుగుతుంటే ఆ ఇంటి గేటుకు అట్టముక్క మీద రాసిన టులెట్ బోర్డు కనిపించింది. వాకిట్లో బియ్యం చెరుగుతూ ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, బొట్టు లేని నుదురు.

“పిన్నిగారూ, గది అద్దెకిస్తారా?” అన్నాను.

ఆమె చేట ఆపి నన్ను కిందికీ మీదికీ చూసింది. “గీ గార్లు గీర్లు నాకొద్దు బిడ్డా. అక్కా అను. మాంసం తింటవా?”

“తింటానండీ.”

“తినకున్నా ఇస్తుంటి. కాకపోతె ఐతారం నాడు ఒక్కదాన్నే వండుకొని తినబుద్ధి కాదు.”

అలా మొదలైంది. మొదటి నెలల్లో నాకు ఆ ఊరు, ఆ ఉద్యోగం రెండూ భయంగానే ఉండేవి. ల్యాబ్‌లో మా సూపర్‌వైజర్ ఒకరోజు నలుగురి ముందు నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం మానేసి మా ఊరు పోతానన్నాను. అనసూయక్క ఓదార్చలేదు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అడిగింది.

“నువ్వు పోతె ఆమెకేమైతది?”

“ఏమీ కాదు.”

“మరి ఎందుకు వోతవ్? రేపు వోయి ఆమెకు ఎదురుంగ కూసో. దినాం కనవడు. నీ ముఖం సూడకుంట ఆమె ఎట్ల తప్పించుకుంటదో నేను సూస్త.”

మర్నాడు వెళ్ళాను. ఆ సూపర్‌వైజర్‌తో నాకు స్నేహం కుదరలేదు గానీ, భయం మాత్రం పోయింది. ఆ మాట అనసూయక్క ఎక్కడ నేర్చుకుందో, ఎలాంటి మనిషికి ఎదురుగా కూర్చుని నేర్చుకుందో అప్పుడు నాకు తెలియదు.

వెనక గదుల్లో ఒకటి నాది. రెండోదాంట్లో కిష్టయ్య, ఆయన కూతురు మౌనిక ఉండేవారు. కిష్టయ్యకు నలభై ఏళ్ళు ఉంటాయేమో. ఒక గోదాములో సామాను ఎత్తే పని. భార్య కామెర్లతో పోయిందట. ఆ పిల్లను చంకలో ఎత్తుకుని వానలో తడుస్తూ వచ్చి గది అడిగాడని అనసూయక్కే ఒకసారి చెప్పింది. నేను వచ్చేనాటికి పిల్ల బడికి పోతోంది. ఆ పిల్లకు జడలు వేసేది, బాక్సు కట్టేది, పలక మీద తప్పులు రాస్తే చెవి మెలిపెట్టేది అన్నీ అనసూయక్కే. పిల్ల ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. కిష్టయ్యకు కూడా రాత్రి కూర ఆ వంటింట్లోంచే వెళ్ళేది. ఆయన మాత్రం గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. నీళ్ళు పట్టడం, పైకప్పు రేకులు సరిచేయడం, గ్యాస్ బండ మోసుకురావడం, ఏ పని చెప్పినా తల వంచుకుని చేసేవాడు. బస్సెక్కడం కూడా ఇష్టముండేది కాదు. ఎంత దూరమైనా నడిచే వెళ్ళేవాడు.

ఒకరోజు నడింట్లో బల్బు మాడిపోయింది. నాకు ఎత్తు అందక కిష్టయ్యను పిలిచాను. ఆయన గడప బయటే ఆగిపోయాడు. “జర స్టూలు మీద నువ్వే ఎక్కు చెల్లె, నేను బయట సంది పట్టుకుంట” అన్నాడు. బయటి నుంచి స్టూలు ఎలా పట్టుకుంటాడు? నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన చూపు నా భుజం మీదుగా గోడ మీదికి వెళ్ళి, చటుక్కున కిందికి దిగింది. ఆ గోడకు మల్లేశం గారి ఫోటో, దానికి గంధపు చెక్కల దండ. ఉప్పల్ చౌరస్తా దగ్గర సైకిల్ మీద ఇంటికొస్తుంటే లారీ గుద్ది పోయాడని నాకు తెలుసు. చనిపోయిన వాళ్ళ ఫోటో అంటే కొందరికి భయం, అంతే అనుకున్నాను.

ఆ ఏడు బోనాలకు అనసూయక్క తమ్ముడు శంకర్ వచ్చాడు. బావ పోయిన తర్వాత కోర్టు చుట్టూ తిరిగింది ఆయనే. కేసు తేలాక దుబాయ్ వెళ్ళి, అప్పుడే తిరిగొచ్చాడు. అక్క ఇంటికి అన్నేళ్ళ తర్వాత రావడం. ఆదివారం మధ్యాహ్నం. వీధంతా డప్పులు, వేపాకు, పసుపు నీళ్ళు. అనసూయక్క బోనం ఎత్తి వచ్చి, మాంసం వండి, అందరికీ వాకిట్లోనే విస్తళ్ళు వేసింది. కిష్టయ్య ఎప్పటిలాగే మూలకు కూర్చున్నాడు. మౌనిక కొత్త లంగా వేసుకుని అందరికీ నీళ్ళు పోస్తోంది. నేను శంకర్ పక్కనే ఉన్నాను. ఆయన నాతో దుబాయ్ ఎండల గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది. కళ్ళు మూల వైపు.

“నువ్వా?” అన్నాడు. ఇంకోసారి అన్నాడు. “నువ్వా? నువ్వు ఈడేం జేస్తున్నవ్‌రా?”

కిష్టయ్య లేవలేదు. విస్తరి మీదినుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, దెబ్బ కోసం సిద్ధపడినట్టు. శంకర్ ఒక్క గంతులో వెళ్ళి కాలర్ పట్టి లేపాడు. ముఖం మీద గుద్దాడు. విస్తళ్ళు తొక్కుడుపడ్డాయి. మౌనిక చెంబు వదిలేసి కేకపెట్టింది.

“అక్కా! వీడెవడో ఎరికేనా నీకు? బావను లారీ కింద తొక్కి సంపినోడు వీడే! కోర్టుల బోన్ల నిలవడ్డోడు వీడే! నీ ఇంట్ల కూసొని బువ్వ తింటున్నడే!”

నేను లేచి గోడ పట్టుకున్నాను. రోజూ పొద్దున నా బకెట్ కూడా నింపిపెట్టే మనిషి. నాకు జ్వరమొస్తే ఉప్పల్ దాకా నడిచి వెళ్ళి మందులు తెచ్చిన మనిషి. నేను అనసూయక్క వైపు చూశాను. ఆమె కుప్పకూలుతుందనుకున్నాను. ఆమె గరిటె పట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఉంది. ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

“కాలర్ ఇడ్సు శంకర్” అంది. “నాకు ఎరికే.”

“ఏంది?”

“ఎరికే అంటున్న గదా. తలుపు కాడ నిలవడి గది అడిగిన దినమే ఎరికైంది. కోర్టుల నేను ముసుగేసుకొని ఎనక కూసుంటి. నన్ను వాడు సూడలే. నేను వాన్ని సూసిన.”

శంకర్ చెయ్యి దానంతటదే జారింది. కిష్టయ్య పెదవి పగిలి నెత్తురు కారుతోంది. దాన్ని తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు తెలియదనుకునే ఇన్నాళ్ళూ బతికాడు. గదిలో దిగిన కొన్నాళ్ళకు ఫోటో చూసి ఇల్లెవరిదో గుర్తుపట్టాడట. పారిపోదామనుకున్నాడట. కానీ అప్పటికే పిల్ల ఆమె మెడ పట్టుకుని వదలడం లేదు.

“నీకు... ఎరికేనా అక్కా?” అన్నాడు. అని ఉన్నచోటే నేల మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏడుపులా లేదది. ఊపిరి ఆడని వాడి చప్పుడులా ఉంది.

“మరెందుకు పెట్టుకున్నవే?” శంకర్ గొంతు కీచుగా మారిపోయింది. “ఎందుకు వండి వెడుతున్నవే వీనికి?”

అనసూయక్క గరిటె పక్కన పెట్టింది. “పిల్ల బెదిరింది. లోపటికి తోల్కపో” అని నాతో అంది. శంకర్ చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ గడప తొక్కలేదు. కిష్టయ్య మర్నాడు పొద్దున, మూట కట్టుకుని, నిద్రమొహంతో ఉన్న పిల్లను నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. అనసూయక్క ఆపలేదు. కిటికీలోంచి చూస్తూ నిలబడింది, అంతే.

ఇంట్లో చప్పుడు లేని రోజులు గడిచాయి. నాకు ఆమె మీద భక్తిలాంటిది పుట్టుకొచ్చింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుని, మనసులో ఉన్నది చెప్పేశాను. “మీరు దేవత అక్కా. భర్తను చంపినవాడికి అన్నం పెట్టారు.”

ఆమె నన్ను చూసి, “నీకు చెప్తె నువ్వు నా చేతి కూడు తినవ్” అంది.

“ఏం చెప్తే?”

“మొదటి ఏడు వాన్ని ఎందుకు పెట్టుకున్ననో.”

ఆమె గొంతు తగ్గించలేదు. కూరగాయల ధరలు చెప్పినట్టే చెప్పింది. “వాడు కుళ్ళి కుళ్ళి సస్తుంటె కండ్లార సూద్దామని పెట్టుకున్న. వాడు బుక్క నోట్లె పెట్టుకుంటుంటె, గిది నా పెనిమిటి తినాల్సిన బుక్క అనుకుంట సూసేదాన్ని. వాడు నవ్వితె నా కడుపుల నిప్పులు వోసినట్టుండేది. ఒకనాడు ఎలుకల మందు తెచ్చిన. కూరల కలిపిన. గిన్నెల వోసి మూత వెట్టి, వాన్ని పిలువనీకె బయటికి వోయిన. మళ్ళొచ్చి సూస్తె ఆ పిల్ల గిన్నె మూత తీసి ముంగట కూసున్నది. ‘పెద్దమ్మా, నాకు గూడ జర ఏస్తవా’ అన్నది. చెంచా చేతిలనే ఉన్నది.”

నా చూపు ఆమె చేతుల మీద పడింది.

“తిన్నదా అని అడుగుతవేమో. తినలే. నేను గిన్నె గుంజుకొని పెరట్ల గుంత తవ్వి బొందవెట్టిన. ఆ పిల్ల నోరు ఏలు వెట్టి కడిగిన, తినకున్నా గూడ. ఎందుకు కడుగుతున్నవ్ పెద్దమ్మా అని నవ్వుతున్నది. ఆ దినం సంది నాకు వాని మీద కోపం మిగల్లే. వాడు తెల్వక ఒకల్ని సంపిండు. నేను తెలిసి ఇద్దర్ని సంపుతుంటి.”

ఆ మాట విని లేచి నా గదిలోకి వెళ్ళిపోయాను. ఆ రాత్రి భోజనానికి రాలేదు. మర్నాడూ రాలేదు. నిజం చెప్పాలంటే ఆ వంటింటి వైపు చూడటానికే నాకు వణుకు పుట్టింది. అదే వంటింట్లో, అదే చేతుల మీదుగా నేను ఎన్ని పూటలు తిన్నాను! మూడో రోజు ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను పిలవలేదు, బతిమాలలేదు. పక్కన నా బాక్సు కట్టి ఉంది. తీసుకుంటానో లేదో నా ఇష్టానికే వదిలేసినట్టు ముఖం అటు తిప్పుకుంది. నేను కాసేపు నిలబడి, బాక్సు తీసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం మూత తీసి మొదటి ముద్ద పెట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకే తెలుసు. బెండకాయ వేపుడు. బాగుంది.

కొన్ని వారాల తర్వాత మౌనిక బడికి రావడం లేదని టీచరు చెప్పింది. అనసూయక్క ఎవరెవరినో వాకబు చేసి, నన్ను వెంటపెట్టుకుని ఘట్‌కేసర్ బస్సెక్కింది. స్టేషన్ అవతల రేకుల షెడ్లలో ఒకదాని ముందు కిష్టయ్య బట్టలు ఆరేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మౌనిక పరుగెత్తుకొచ్చి ఆమె నడుము వాటేసుకుంది. తల దువ్వక జుట్టు జడలు కట్టింది.

“నేను రాను అక్కా” అన్నాడాయన, మేము ఏమీ అడగకముందే. “ఏ ముఖం వెట్టుకొని రావాలె?”

“నిన్నెవరు రమ్మన్నరు?” అంది అనసూయక్క. “పిల్ల చదువు ఖరాబైతంది. పిల్లను తోల్కపోతున్న. నీకు చేతనైతె రా, లేకుంటె ఐతారం ఐతారం వచ్చి సూసిపో.”

“నన్ను మాఫ్ చేసినవా అక్కా?”

ఆయన ఆ మాట అడుగుతాడని నేను అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదేమో, పిల్ల జుట్టులో చిక్కు తీస్తున్న వేళ్ళు ఆగాయి. మళ్ళీ చిక్కు తీస్తూ అంది. “మాఫ్ చేసుడు ఎట్లనో నాకు రాదు కిష్టన్నా. ఆయన యాదికొస్తె ఇయ్యాల్టికి నిన్ను సూడబుద్ధి కాదు. అయినా నువ్వు తిన్నవో లేదో అని ఫికరైతది. రెండు ఉన్నయి. ఏం జెయ్యాలె?”

ఆయన ఆ నెలలోనే తిరిగొచ్చాడు. అదే గది. ఈసారి నడింట్లో బల్బు పోతే ఆమె ఆయన్నే పిలిచింది. నేను చూస్తుండగానే ఆయన గడప దాటి, ఫోటో ముందు నిలబడ్డాడు. చేతులు జోడించలేదు. బల్బు మార్చి బయటికొచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు.

నాకు పెళ్ళై మొదట మల్కాజిగిరి వెళ్ళాక కూడా ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. మౌనిక డిగ్రీ అయ్యాక ఉప్పల్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చేరింది. తన తండ్రి ఏం చేశాడో ఆ పిల్లకు బోనాల నాడే తెలిసింది. దాన్ని దాచాలని ఎవరూ చూడలేదు. అనసూయక్క ఒక ఉదయం స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. నేను వెళ్ళేసరికి వాకిట్లో జనం. శంకర్ వచ్చాడు. జుట్టు నెరిసింది. అన్నేళ్ళు మాట్లాడకుండా ఉన్నందుకో ఏమో, అక్క కాళ్ళ దగ్గర కూర్చుని అసలు లేవలేదు. కిష్టయ్య గేటు బయట నిలబడ్డాడు. ఎవరో పిలిచినా లోపలికి రాలేదు. శంకర్ కంటపడటం ఇష్టం లేక అలా నిలబడ్డాడని నాకు అర్థమైంది.

పాడె లేపే సమయమైంది. మల్లేశం గారి తరఫు వాళ్ళిద్దరు వెనక చెరోవైపు వంగారు. శంకర్ ముందు నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. ఇంకో భుజం కావాలి. వీధి కుర్రాళ్ళు ఇద్దరు ముందుకు వచ్చారు. ఆయన చేత్తో వాళ్ళను ఆపాడు. గేటు వైపు నడిచాడు. మళ్ళీ కాలర్ పట్టుకుంటాడనే అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

“ఏం సూస్తున్నవ్?” అన్నాడు శంకర్. ఆయన గొంతు కరకుగానే ఉంది. “వచ్చి పట్టు. నీ కోసమే ఆగినం.”

కిష్టయ్య వచ్చాడు. భుజం పెట్టాడు. ఆ ఇద్దరూ ఒకే కట్టెకు చెరో వైపు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, నాచారం రోడ్డు మీద నడిచిపోయారు. ట్రాఫిక్ ఆగింది. ఒక లారీ కూడా ఆగింది.

ఇల్లు శంకర్‌కు వచ్చింది. ఆయన దాన్ని అమ్మక తప్పలేదు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల భవనం ఉంది. కిష్టయ్య కూతురి దగ్గరే ఉంటున్నాడు, ముసలివాడయ్యాడు. మౌనిక అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంది. వచ్చినప్పుడల్లా అనసూయక్క కబుర్లే. తన పిల్లకు ఆమె పేరే పెట్టుకుంది. “మా పెద్దమ్మ దేవత గదా అక్కా, గట్లాంటి మనిషి మళ్ళ వుట్టది” అంటుంది, కళ్ళు తుడుచుకుంటూ. నేను మౌనిక పెదవుల వైపు చూస్తాను. ఆ చెంచా, ఆ గిన్నె కళ్ళ ముందుకొస్తాయి. ఆ పిల్లకు తెలియని ఆ ఒక్క సంగతీ అనసూయక్క నాకే ఎందుకు చెప్పి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. దేవతకైతే మీ నాన్నకు అన్నం పెట్టడం అంత కష్టమయ్యేది కాదు మౌనికా, మనిషి కనక అంత కష్టపడింది అని చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పను. “అవునమ్మా” అని, అన్నం తిని వెళ్ళమంటాను.